లిబ్రేఆఫీస్‌లో ఉన్న ప్రింటర్ ఫైర్‌ఫాక్స్‌కి ఎందుకు కనపడదు?

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి చెప్తాను. ఆవిడ ఇంట్లోంచే పని చేసుకుంటారు. రోజూ రెండు మూడు సైట్లలో లాగిన్ అయ్యి ఫారాలూ రసీదులూ తీసి, ప్రింట్ కొట్టి, సంతకం పెట్టి ఫైల్ చెయ్యాలి. పాత లాప్‌టాప్ విండోస్‌తో మరీ ఈడుస్తోందని వాళ్ళన్నయ్య దాంట్లో ఉబుంటు అనే లినక్స్ వేసిచ్చాడు. మొదట్లో అంతా బాగానే నడిచింది, ఫైర్‌ఫాక్స్‌లోంచి నేరుగా ప్రింట్ వచ్చేది. తర్వాత ఇంట్లో రౌటర్ మారింది. అదే వారంలో ఎవరో లినక్స్ ప్రింటింగ్‌లో లోపం గురించి 2024 నాటి వార్త ఒకటి పంపితే చూసి అన్నయ్య కంగారుపడి, ఫోన్లో ఈవిడ చేత ఏవో కమాండ్లు కొట్టించి "ప్రింటింగ్‌కి సంబంధించినవి రెండు మూడు ఆపేశాం, ఇంక భయం లేదు" అన్నాడట. అప్పట్నుంచి ఫైర్‌ఫాక్స్‌లో ప్రింట్ నొక్కితే "పీడీఎఫ్‌గా సేవ్ చెయ్" అన్న ఒక్క ముక్క తప్ప ఏ ప్రింటరూ కనపడట్లేదు.

అన్నయ్య ఫైర్‌ఫాక్స్ తీసేసి మళ్ళీ వేయించాడు, ఒకసారి టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) లోంచి, ఇంకోసారి యాప్ స్టోర్‌లోంచి. ఇప్పుడు మెనూలో ఫైర్‌ఫాక్స్ గుర్తులు రెండున్నాయి, బుక్‌మార్కులు ఒకదాంట్లోనే ఉన్నాయి, ప్రింటర్ మాత్రం రెండిట్లోనూ లేదు. పోనీ అని క్రోమ్ వేసుకున్నారు. దాంట్లో ఒకే ప్రింటర్ రెండు పేర్లతో కనపడుతోంది, ఒకటి మామూలు పేరు, ఇంకోటి అదే పేరుకి చివర ఏవో అంకెలూ అక్షరాలూ. పైనున్నది నొక్కితే ప్రింట్ వెళ్ళినట్టే వెళ్తుంది, కాగితం మాత్రం రాదు. డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రేఆఫీస్‌లో చక్కగా ప్రింట్ అవుతోంది. ఫోన్లోంచీ అవుతోంది. అందుకని ప్రస్తుతానికి పీడీఎఫ్ చేసి ఫోన్‌కి పంపుకుని ఫోన్లోంచి కొడుతున్నారు. అన్నయ్య "ఉన్నవన్నీ చేశాను, నీ బ్రౌజరే ఏదో తేడా" అని విసుక్కుంటున్నాడు, ఇంటాయన "ఒక్క కాగితానికి ఇంత తతంగమా, విండోస్ వేయించెయ్" అంటున్నారు. ఆవిడ అడిగింది ఇది: "నేను ఫైర్‌ఫాక్స్ వదిలెయ్యాలా, లినక్స్ వదిలెయ్యాలా, అన్నయ్యని అడగడం మానెయ్యాలా?"

మూడిట్లో ఏదీ ఇప్పుడే అక్కర్లేదండి. మీకు తెలీకుండానే జవాబు సగం ఉత్తరంలో రాసేశారు, దాన్ని విడదీసి చూస్తే చాలు.

ముందు ఒక విషయం సరిచేసుకుందాం. లినక్స్‌లో ప్రింటర్‌ని వెతికే పని బ్రౌజర్‌ది కాదు. కప్స్ అని ఒక సర్వీసు వెనకాల నడుస్తూ ఉంటుంది, ప్రింటర్ల జాబితా, వాటి అడ్రసులు, వరసలో ఉన్న ప్రింట్లు అన్నీ దాని దగ్గరుంటాయి. 1999లో మొదటిసారి బయటికొచ్చింది, 2007లో ఆపిల్ కొనుక్కుంది, ఇప్పటికీ మ్యాక్‌లో ప్రింటింగ్ నడిపేది అదే, లినక్స్ వైపు దాన్ని ఓపెన్‌ప్రింటింగ్ అనే బృందం వాళ్ళు చూసుకుంటున్నారు. ఫైర్‌ఫాక్స్ అయినా క్రోమ్ అయినా లిబ్రేఆఫీస్ అయినా ఆ కప్స్‌ని "నీ దగ్గర ఏమేం ప్రింటర్లున్నాయి" అని అడిగి అది చెప్పింది చూపిస్తాయి, అంతే. కాబట్టి బ్రౌజర్‌లో ప్రింటర్ లేదంటే, కప్స్ దగ్గరే లేదా, లేక ఉన్నా బ్రౌజర్ అడగలేకపోతోందా అన్నది తేల్చుకోవాలి. మీ అన్నయ్య ఇది తేల్చుకోకుండా ఫైర్‌ఫాక్స్ మీద పడ్డాడు. తీసి మళ్ళీ వెయ్యడం అన్నది ప్రింటింగ్ గొడవల్లో చాలామంది మొదట చేసే పని, దాదాపు ఎప్పుడూ పనికిరాని పని కూడా.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆనవాళ్ళు చూద్దాం. లిబ్రేఆఫీస్ అదే లాప్‌టాప్ నుంచి ప్రింట్ చేస్తోంది. అంటే కప్స్ నడుస్తోంది, వైఫై బాగుంది, ప్రింటర్ బాగుంది, ఫైర్‌వాల్ ఏదీ అడ్డుపడట్లేదు. వాటి జోలికి అస్సలు పోకండి, ఎవరు చెప్పినా సరే. ఫోన్లోంచి కూడా ప్రింట్ వస్తోంది కాబట్టి ప్రింటర్‌కి కొత్త రౌటర్ వైఫై సరిగ్గానే ఇచ్చారని తెలుస్తోంది. ఇక క్రోమ్‌లో రెండు పేర్లు కనపడుతున్నాయి, ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కటీ లేదు. పాడైపోయిన పాత పేరు కూడా లేదు చూశారా, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది అదే. కప్స్ దగ్గర కనీసం ఒక పేరైనా ఉందని క్రోమ్ సాక్ష్యం చెప్తుంటే ఫైర్‌ఫాక్స్ ఖాళీ చేతులతో వచ్చిందంటే, అది అసలు కప్స్ దాకా వెళ్ళనే లేదు.

అంటే మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. ఒకే వారంలో రావడంతో ఒకటే అనుకున్నారు, అన్నయ్య కూడా అలాగే అనుకున్నాడు, అందుకే ఏది సరిచేసినా ఇంకోటి మిగిలిపోయి "అయినా రాలేదు" అనిపిస్తోంది.

మొదటిది ఫైర్‌ఫాక్స్‌ది. ఉబుంటులో 22.04 వెర్షన్ నుంచీ ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలోనే వస్తుంది. ఇంకో రకం ఫ్లాట్‌ప్యాక్. ఈ రెండూ బ్రౌజర్‌ని తలుపు బయట గడియపెట్టిన గదిలో కూర్చోబెడతాయి. మైక్, కెమెరా, ప్రింటర్, మీ ఫైళ్ళు, దేని దగ్గరికి పోవాలన్నా బయటనుంచి అనుమతి ఉండాలి. మామూలుగా ప్రింటింగ్ అనుమతి మొదటినుంచే ఇచ్చి ఉంటుంది, అందుకే మీకు మొదట్లో ప్రింట్ వచ్చింది. సెక్యూరిటీ అని చెప్పి ఎవరైనా దాన్ని తీసేస్తే బ్రౌజర్ ఏ ఎర్రర్ మెసేజీ ఇవ్వదు, ప్రింటర్లు లేవన్నట్టు పీడీఎఫ్ ఒక్కటి చూపించి ఊరుకుంటుంది. అన్నయ్య ఆపించిన "రెండు మూడింట్లో" ఇదొకటి అయ్యుంటుందని నా అనుమానం. అనుమానమే, అందుకే కింద పరీక్ష చెప్తున్నాను.

రెండోది పాత పేరు సంగతి. లాప్‌టాప్ ఇచ్చినప్పుడు అన్నయ్య ప్రింటర్‌ని ఐపీ అడ్రస్‌తో (రౌటర్ ఇచ్చే అంకెల అడ్రస్) కలిపి ఉంటాడు, చాలామంది అలాగే చేస్తారు. రౌటర్ మారగానే ప్రింటర్‌కి కొత్త అడ్రస్ వచ్చింది, కప్స్‌లో రాసిపెట్టుకున్నది మాత్రం పాతదే. క్రోమ్‌లో పైనున్న మామూలు పేరు అదే అయ్యుంటుంది. మీరు ప్రింట్ కొడితే ఆ అడ్రస్‌లో ఎవరూ లేకపోయినా కప్స్ పాపం మళ్ళీ మళ్ళీ తలుపు తడుతూ ఉంటుంది, మీకు వెళ్ళినట్టే కనపడుతుంది. చివర అంకెలూ అక్షరాలూ ఉన్న రెండో పేరు వైఫైలో ప్రింటర్ తనంతట తాను "నేనిక్కడున్నా" అని చాటుకుంటే దొరికింది, అది కొత్త అడ్రస్‌తోనే ఉంటుంది. క్రోమ్‌లో ఆ రెండోది నొక్కి చూశారా? ఉత్తరంలో రాయలేదు. ముందు అది చూడండి. కాగితం వస్తే రెండో సమస్య సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇక ఆ 2024 వార్త సంగతి, ఎందుకంటే అన్నయ్యని మరీ తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ ఏడాది సెప్టెంబరులో కప్స్‌కి తోడుగా నడిచే కప్స్‌-బ్రౌజ్‌డ్ అనే చిన్న సర్వీసులో లోపం బయటపడింది. అది 631 నంబరు యూడీపీ పోర్టులో (నెట్‌వర్క్ నుంచి మాటలొచ్చే ఒక ద్వారం) ఎవరు ఏం పంపినా నమ్మేసేది, దాంతో బయటివాడు ఒక దొంగ ప్రింటర్‌ని మీ జాబితాలో చేర్పించి, మీరు దానికి ప్రింట్ కొట్టినప్పుడు మీ మెషీన్‌లో వాడి కమాండ్ నడిచేలా చెయ్యగలిగేవాడు. చిన్న విషయం కాదు. అప్పట్లో ఆ సర్వీసు ఆపెయ్యమని సలహా ఇచ్చినవాళ్ళు సరిగ్గానే ఇచ్చారు, తర్వాత అప్‌డేట్లలో సరిచేశారు. పేరులో బ్రౌజ్ అని ఉంది కదాని దానికీ మీ బ్రౌజర్‌కీ చుట్టరికం ఏమీ లేదు, వైఫైలో ఉన్న ప్రింటర్లని వెతికి కప్స్ జాబితాలో వాటంతటవే చేర్చడం దాని పని. ఇంట్లో ఒక్క ప్రింటర్ ఉన్నవాళ్ళకి అది లేకపోయినా నడిచిపోతుంది, దాన్ని మళ్ళీ ఆన్ చెయ్యమని నేను చెప్పను. కానీ అది ఆగిపోయాక ప్రింటర్‌ని ఒకసారి చేత్తో చేర్చుకోవాలి, ఆ మాట మీకెవరూ చెప్పలేదు.

పరీక్షకి టెర్మినల్ తెరవండి. భయపడకండి, ఇవి చూసే కమాండ్లే, దేన్నీ మార్చవు. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఎల్పీస్టాట్ (lpstat) అని ఒకే మాటగా కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ పెట్టి వెంటనే ఆర్ కొట్టి ఎంటర్ చెయ్యండి. "షెడ్యూలర్ ఈజ్ రన్నింగ్" అని రావాలి, మీకు వస్తుంది, లిబ్రేఆఫీస్ పనిచేస్తోంది కాబట్టి. తర్వాత అదే కమాండ్ ఆర్ బదులు ఇంగ్లీషు ఈ (e) పెట్టి కొట్టండి, ఆ తర్వాత వీ పెట్టి కొట్టండి. ఈ అన్నది కప్స్‌లో చేర్చినవీ, వైఫైలో అప్పటికప్పుడు దొరికినవీ అన్నీ చూపిస్తుంది. వీ అన్నది కప్స్‌లో రాసిపెట్టుకున్న పేర్లనీ వాటి అడ్రసులనీ చూపిస్తుంది. నా అంచనా ప్రకారం మొదటిదాంట్లో రెండు పేర్లొస్తాయి, రెండోదాంట్లో మామూలు పేరు పక్కన సాకెట్ అనో ఐపీపీ అనో ఉండి పాత ఐపీ అడ్రస్ ఉంటుంది. ప్రింటర్ మీదున్న చిన్న స్క్రీన్‌లో నెట్‌వర్క్ వివరాల్లోకి వెళ్తే ఇప్పటి అడ్రస్ కనపడుతుంది, స్క్రీన్ లేకపోతే రౌటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితాలో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే పాత పేరు ఎందుకు పనిచెయ్యట్లేదో ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండు ఫైర్‌ఫాక్సులు. ముందు ఏది ఏదో తెలియాలి. ఒక్కోదాన్నీ తెరిచి అడ్రస్ పెట్టాల్సిన చోట అబౌట్ కోలన్ సపోర్ట్ అని కొట్టండి. వచ్చే పేజీలో పైనే "అప్లికేషన్ బైనరీ" అని ఒక వరస ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న దారిలో స్నాప్ అన్న మాటుంటే అది స్నాప్, యాప్ అన్న మాటతో మొదలైతే ఫ్లాట్‌ప్యాక్, యూఎస్ఆర్ కింద లిబ్ అని ఉంటే పాత పద్ధతి డెబ్ ప్యాకేజీ. బుక్‌మార్కులున్నది ఏదో గుర్తుపెట్టుకోండి, దాన్నే బాగుచేసుకుందాం.

అది స్నాప్ అయితే టెర్మినల్‌లో స్నాప్, కనెక్షన్స్, ఫైర్‌ఫాక్స్ అని మధ్యలో స్పేస్‌లతో మూడు మాటలు కొట్టండి. పెద్ద జాబితా వస్తుంది. దాంట్లో కప్స్‌-కంట్రోల్ (cups-control) అన్న వరస వెతకండి. మూడో గడిలో ఉత్త హైఫన్ గీత ఉందంటే తలుపు మూసి ఉన్నట్టు, అదే పేరు మళ్ళీ ఉందంటే తెరిచి ఉన్నట్టు. మూసి ఉంటే సుడో, స్నాప్, కనెక్ట్ అని మూడు మాటలు, తర్వాత ఫైర్‌ఫాక్స్ కోలన్ కప్స్‌ హైఫన్ కంట్రోల్ అన్నది స్పేస్ లేకుండా ఒకే మాటగా కొట్టాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది, టైప్ చేస్తున్నప్పుడు చుక్కలు కూడా కనపడవు, పని చెయ్యట్లేదనుకోకండి. తర్వాత ఫైర్‌ఫాక్స్ విండోలన్నీ మూసేసి మళ్ళీ తెరవండి, ట్యాబ్ మూసి తెరిస్తే సరిపోదు.

ఫ్లాట్‌ప్యాక్ అయితే ఫ్లాట్‌సీల్ అని ఒక చిన్న యాప్ ఉంది, దాంట్లో ఎడమపక్క ఫైర్‌ఫాక్స్ ఎంచుకుని, సాకెట్ అన్న భాగంలో ప్రింటింగ్ సిస్టమ్ అన్న స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్యండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి తెలీదు. గదిలో ఉన్న బ్రౌజర్‌కి కప్స్‌తో మాట్లాడే అనుమతి ఒకటి, వైఫైలో ప్రింటర్లు చాటుకునే మాటలు వినే అనుమతి వేరొకటి. ఆ రెండోది అవాహి అనే ఇంకో సర్వీసు ద్వారా వస్తుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే కప్స్‌లో శాశ్వతంగా చేర్చిన ప్రింటర్లు కనపడతాయి, అప్పటికప్పుడు దొరికేవి కనపడవు. లిబ్రేఆఫీస్‌లో ఉన్నది బ్రౌజర్‌లో లేదు అని జనం జుట్టు పీక్కునే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. మీ విషయంలోనూ తలుపు తీశాక ఫైర్‌ఫాక్స్‌లో పాత చచ్చుపేరు ఒక్కటే ప్రత్యక్షమై మీరు తల పట్టుకోవచ్చు, ముందే చెప్తున్నాను. దానర్థం మందు పనిచేసిందని, కానీ రెండో సమస్య ఇంకా అలాగే ఉందని.

ఆ రెండోదాన్ని వదిలించుకోవడానికి, సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ తెరిచి పాత పేరుని తీసేసి, యాడ్ ప్రింటర్ నొక్కి కొత్తగా కనపడినదాన్ని శాశ్వతంగా చేర్చుకోండి. మీ ఫోన్లోంచి ఏ యాప్ గొడవా లేకుండా ప్రింట్ వస్తోందన్నారు కాబట్టి అది డ్రైవర్ అక్కర్లేని రకమే అయ్యుంటుంది, ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే పద్ధతి) 2010లో వచ్చినప్పట్నుంచి వైఫై ప్రింటర్లు చాలావరకు ఇలాగే పనిచేస్తున్నాయి. కంపెనీ డ్రైవర్ ప్యాకేజీ దించుకోవద్దు, అది ఇంకో పేరు చేరుస్తుంది, అప్పుడు మూడు పేర్లవుతాయి. చేర్చాక ఎల్పీస్టాట్ వీ మళ్ళీ కొట్టి చూడండి, పక్కన ఐపీ అంకెలు కాకుండా ప్రింటర్ పేరుతో అడ్రస్ ఉంటే రౌటర్ మారినా ఫర్లేదు. అంకెలే ఉంటే రౌటర్ పేజీలో ఆ ప్రింటర్‌కి ఎప్పుడూ అదే అడ్రస్ ఇచ్చేలా రిజర్వ్ చేసే వీలుంటుంది, అది అన్నయ్య చేత చేయించుకోండి, అయిదు నిమిషాల పని.

ఇవన్నీ ఇప్పుడు చేసే ఓపిక లేదు, రేపు పొద్దున్నకల్లా కాగితాలు కావాలి అంటే, ఫైర్‌ఫాక్స్ ప్రింట్ పెట్టెలో కింద "సిస్టమ్ డైలాగ్ వాడి ప్రింట్ చెయ్" అన్న చిన్న లింకు ఉంటుంది, ఎవరూ చూడరు దాన్ని. నొక్కండి. ఫ్లాట్‌ప్యాక్‌లో అయితే ఆ పెట్టె గది బయట తెరుచుకుంటుంది, కాబట్టి బ్రౌజర్‌కి కనపడని ప్రింటర్లు దాంట్లో కనపడతాయి. మీకు అదే నచ్చిందనుకోండి, అబౌట్ కోలన్ కాన్ఫిగ్‌లో ప్రింట్ డాట్ ప్రిఫర్ అండర్‌స్కోర్ సిస్టమ్ అండర్‌స్కోర్ డైలాగ్ అన్నదాన్ని ట్రూ చేస్తే ప్రతిసారీ నేరుగా అదే వస్తుంది. నష్టమేంటంటే పక్కన ప్రివ్యూ ఉండదు, మూడు పేజీల రసీదుకి తొమ్మిది పేజీలొచ్చాక గానీ తెలీదు. క్రోమ్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, పీ కలిపి నొక్కితే ఇలాంటి పెట్టే వస్తుంది.

మీరిప్పుడు చేస్తున్న పీడీఎఫ్ పద్ధతి గురించి కూడా చెప్పాలి. అది తప్పేం కాదు, కానీ ఫోన్ దాకా పంపడం ఎందుకు? పీడీఎఫ్ సేవ్ చేసుకుని లాప్‌టాప్‌లోనే డాక్యుమెంట్ వ్యూయర్‌తో తెరిచి ప్రింట్ కొట్టండి. అది లిబ్రేఆఫీస్ లాగే గది బయటుండే ప్రోగ్రామ్ అయితే మీకు రెండో పేరు కనపడుతుంది. ఫోన్‌కి ఏదో చాట్ యాప్‌లో పంపుకుంటే ఆ రసీదులన్నీ చాట్‌లో పడి ఉంటాయి, మీ పనిలో వేరేవాళ్ళ వివరాలుంటాయని మీరే రాశారు. ఇంకోటి, పేజీ సైజు ఏ4 ఉందో లెటర్ ఉందో చూసుకుని స్కేల్ 100 దగ్గర పెట్టండి, లేకపోతే కొన్ని ఫారాల్లో అడుగు గీత, సంతకం చోటు తెగిపోతాయి. ఇలాగే ఉండిపోయినా మీ పని ఆగదు, ప్రతి కాగితానికీ రెండు మూడు నొక్కులు ఎక్కువ, అంతే.

బ్రౌజర్ మార్చడం అంటే, క్రోమ్‌లో ఆ రెండో పేరు పనిచేస్తే మీరు ఈరోజే మారిపోవచ్చు. కాకపోతే బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు అన్నీ మోసుకెళ్ళాలి, అసలు రోగం అలాగే ఉంటుంది, పాత పేరు పొరపాటున నొక్కినప్పుడల్లా ప్రింట్లు వరసలో ఇరుక్కుంటూ ఉంటాయి. ఇప్పటికే అక్కడ ఇరుక్కున్నవి కొన్ని ఉండే ఉంటాయి. పాత పేరు తీసేసేముందు వాటిని రద్దు చెయ్యండి. ఫైర్‌ఫాక్స్‌నే డెబ్ ప్యాకేజీగా వేసుకునే దారి కూడా ఉంది, 2024 జనవరి నుంచి మొజిల్లా వాళ్ళే అది ఇస్తున్నారు. దానికి గది, గడియ ఏమీ ఉండవు కాబట్టి ప్రింటర్ చిక్కు రాదు. కానీ సెక్యూరిటీ గురించి అంత పట్టింపున్న అన్నయ్య ఒప్పుకుంటాడా అన్నది వేరే సంగతి, పైగా ఉబుంటులో సరిగ్గా పిన్ చెయ్యకపోతే (అంటే ఆ డెబ్‌నే వాడమని దానికి చెప్పకపోతే) అప్‌డేట్ అప్పుడు స్నాప్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, అప్పుడు మెనూలో గుర్తులు మూడవుతాయి. నేనైతే మీకు ఇది చెప్పను, అనుమతి ఒక్కటి ఇస్తే పోయేదానికి ఇంత మార్పు దేనికి.

విండోస్ సంగతి మీ ఇంటాయన కోపంలో అన్నారు కానీ అది మరీ కొట్టిపారేసే మాట కాదు. మీ పని కాగితాలతోనే, యంత్రం మీ పనికోసమే గానీ మీరు దానికోసం కాదు. అయితే విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లాంటివి కావాలి, ఈడుస్తోందని తీసేసిన పాత లాప్‌టాప్‌లో అవి ఉండకపోవచ్చు. ఉన్నా ఆ వేగంతో మళ్ళీ మొదటికొస్తారు. పైగా రౌటర్ మారి ప్రింటర్ అడ్రస్ మారడం విండోస్‌లోనూ ఇలాగే ఏడిపిస్తుంది. పైన చెప్పినవి చేశాక కూడా రాకపోతే అప్పుడు ఆలోచించండి.

అన్నయ్య దగ్గరికొద్దాం. మీ ఉత్తరంలో ప్రింటర్ కంటే ఇదే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతోందని నాకనిపించింది. ఆయన ఎక్కడో దూరంగా ఉండి స్క్రీన్ చూడకుండా ఊహిస్తున్నాడు, మీరు "రావట్లేదు" అంటారు, ఆయనకి దాంట్లోంచి ఏమీ దొరకదు, విసుగొస్తుంది. మీరు పనిలో తలమునకలై ఉన్నప్పుడే ఫోన్ చేస్తారు కాబట్టి మీకూ ఓపికుండదు. ఈసారి ఫోన్ చెయ్యకండి. ఎల్పీస్టాట్ మూడు జవాబులు, స్నాప్ కనెక్షన్స్‌లో కప్స్ వరస, అబౌట్ సపోర్ట్‌లో ఆ బైనరీ వరస ఫోటో తీసి పంపి, "ఆ రోజు నా చేత ఏమేం ఆపించావో వరసగా రాసి పంపు అన్నయ్యా" అని ఒక్క మెసేజ్ పెట్టండి. టెర్మినల్‌లో పై బాణం నొక్కుతూ పోతే మీరు కొట్టిన పాత కమాండ్లు కూడా ఒక్కోటీ వస్తాయి, ఆయన మర్చిపోయినా అవి మర్చిపోవు. "నీ బ్రౌజరే తేడా" అన్న మాట సగం నిజమే కాబట్టి దానిమీద వాదన పెట్టుకోకండి, తేడా ఎక్కడుందో చూపిస్తే ఆయనే సరిచేస్తాడు. లేదూ మీరే చేసుకుంటానంటే అది కూడా మంచిదే, పైన రాసినదాంట్లో మీకు చేతకానిది ఏమీ లేదు.

ఇదే రకం ఇబ్బందున్న వేరేవాళ్ళు ఇది చదివి నేరుగా స్నాప్ అనుమతుల మీద పడిపోవద్దు. మీ లాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్‌లోనూ ప్రింటర్ కనపడకపోతే కథ వేరు, అప్పుడు లాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉందేమో, వీపీఎన్ ఆన్‌లో ఉందేమో, ప్రింటర్లు చాటుకునే మాటలు వచ్చే 5353 యూడీపీ పోర్టుని ఫైర్‌వాల్ ఆపేస్తోందేమో ఆ వరసలో చూసుకోవాలి. షెడ్యూలరే నడవట్లేదని వస్తే ముందు కప్స్ సర్వీసు మొదలుపెట్టాలి. ఎల్పీస్టాట్‌కి పెద్ద హెచ్ పెట్టి కొడితే ఏ సర్వర్‌తో మాట్లాడుతోందో చెప్తుంది, దాంట్లో ఎప్పుడో పనిచేసిన ఆఫీసు సర్వర్ పేరు కనపడితే కప్స్ సెట్టింగులుండే క్లయింట్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఆ పాత వరస ఇంకా ఉన్నట్టు.

మీకు చివరగా ఒకటే జాగ్రత్త. ప్రింట్ వచ్చాక ఆ రెండు ఫైర్‌ఫాక్సుల్లో ఒకటి తీసేస్తారు కదా, ఏది తీసేముందైనా దాంట్లో బుక్‌మార్కులు ఒక ఫైల్‌గా, పాస్‌వర్డులు ఇంకో ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి రెండోదాంట్లోకి ఎక్కించుకోండి, పాస్‌వర్డుల ఫైల్ ఎవరైనా తెరిచి చదివేలా ఉంటుంది కాబట్టి ఎక్కించాక డిలీట్ చెయ్యండి. స్నాప్‌ని తీసేస్తే దాని డేటా కాపీ మామూలుగా 31 రోజులు దాచి ఉంచుతుంది, ఫ్లాట్‌ప్యాక్‌లో డేటా కూడా తీసెయ్యమని ప్రత్యేకంగా చెప్తే తప్ప ఫోల్డర్ అలాగే ఉంటుంది, కాబట్టి పొరపాటు జరిగినా వెంటనే చెప్తే అన్నయ్య వెనక్కి తేగలడు.